తప్పెట, కోలాటము, దేవుని సన్నిధి

నెల్లూరు పేరు వినగానే వరిమళ్లును, మొలగొలుకుల బియ్యమును, నిండు చెరువులును మనస్సున మెదలుట సహజము. కాని జిల్లా పడమటి భాగమునకు పోయినకొలది ఆ పచ్చదనము పలుచబడి, నేల ఎర్రబారి, వెలిగొండల వరుస కనుచూపు మేర అడ్డముగా నిలుచును. ఆ కొండల చెంత, 1514వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలపు ముట్టడి పిమ్మట గజపతులనుండి గెలుచుకొనిన దుర్గపు నీడలో ఉదయగిరి యున్నది. దానికి ఆగ్నేయముగా, పెన్నకు ఉత్తరపు దిక్కున ఆత్మకూరు కలదు. శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరున నెలకొల్పిన అమెరికను బాప్తిస్తు మిషను, వాన కొరకు ఆకాశము వంక చూచుచు బ్రదుకు ఈ మెట్టసీమలో 1885న ఉదయగిరిని, 1893న ఆత్మకూరును తన కేంద్రములుగా చేసికొనెను. 1928లో నెల్లూరు కతోలిక మేత్రాసనము ఏర్పడెను. పిమ్మటి కాలమున పెంతెకొస్తు సంఘములును, స్వతంత్ర సంఘములును పల్లెపల్లెకు వ్యాపించినవి. కావున నేడు ఈ సీమలో క్రైస్తవారాధన యనగా ఒకే తీరున నడచునది కాదు. ఒకచోట నిశ్చలముగా కూర్చుండి ప్రసంగము వినుట ప్రధానము, ఇంకొకచోట ధూపదీపములతో కూడిన పూజ ప్రధానము, వేరొకచోట చప్పట్లును కేకలును కన్నీరును ప్రధానము.

ఇట్టి సంఘములలో ఇప్పుడు ఒక ప్రశ్న తలయెత్తుచున్నది. క్రిస్మసు నెలలో యువజనులు డోలకును కంజిరయు పట్టుకొని ఇంటింటికి పోయి పాడుదురు. మందిరపు ముంగిట కోలాటము వేయుదురు. ఆ కోలాటమును చూచుటకు అన్యమతస్థులును వచ్చి నిలుచుందురు. దానికి ఎవరును అభ్యంతరము చెప్పరు. కాని అదే కోలాటము ఆదివారపు ఆరాధనలో గడప దాటి లోపలికి రావచ్చునా? పాటకు గొంతునిచ్చుట భక్తియైనప్పుడు అడుగునిచ్చుట భక్తి కాదా? లేక నాట్యము లోకసంబంధమైన వేడుకయై, దేవుని సన్నిధిని అపవిత్రపరచునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పువారు సాధారణముగా పరిశుద్ధ గ్రంథమును తెరచుటతో ఆరంభించి, దానితోనే ముగింతురు. గ్రంథమును తెరువవలసినదే. ఐనను ఈ మెట్టసీమలో ఆ ప్రశ్నకు మరియొక చరిత్ర కలదు. దానిని తెలిసికొనక చెప్పిన సమాధానము ఇక్కడి జనుల హృదయమును తాకదని నా దృఢమైన నమ్మకము.

ముందుగా గ్రంథమునే చూతము. ఎఱ్ఱసముద్రము దాటిన పిమ్మట అహరోను సోదరియైన మిర్యాము తంబుర చేతబట్టగా స్త్రీలందరును నాట్యములతో ఆమెను వెంబడించినట్లు నిర్గమకాండము చెప్పుచున్నది. ఓబేదెదోము ఇంటినుండి దేవుని మందసమును దావీదు పురమునకు తెచ్చునప్పుడు రాజు నారతో నేసిన ఏఫోదు ధరించి శక్తికొలది నాట్యమాడుటయు, సౌలు కుమార్తెయైన మీకాలు కిటికీలోనుండి అది చూచి తన మనస్సులో అతనిని హీనపరచుటయు సమూయేలు రెండవ గ్రంథమునందు కలదు. కీర్తనల గ్రంథపు చివరి రెండు కీర్తనలును నాట్యముతో కూడిన స్తుతిని ఆజ్ఞాపించుచున్నవి. ఇది ఒక పక్షము. బంగారు దూడ చుట్టును జనులు ఆడినదియు నాట్యమే. హేరోదు విందులో హేరోదియ కుమార్తె ఆడిన నాట్యమునకు మూల్యముగా బాప్తిస్మమిచ్చు యోహాను శిరస్సు పళ్లెములోనికి వచ్చెను. ఇది రెండవ పక్షము. అనగా గ్రంథము నాట్యమును నాట్యమైన కారణముచేత మెచ్చుటయు లేదు, ఖండించుటయు లేదు. ఎవరి యెదుట, ఎవరి నిమిత్తము ఆడినారను దానినే అది విచారించుచున్నది.

ఇంత స్పష్టముగా గ్రంథాధారము లభించుచుండగా మన సంఘములు నాట్యమునకు ఇంతకాలము ద్వారము మూసికొనుటకు హేతువేమి? దీనికి సమాధానము పల్లెలోని తప్పెటలో ఉన్నది.

తెలుగు దేశమున బాప్తిస్తు సంఘములలో చేరినవారిలో మాదిగలు అత్యధికులు. వారికి ఊరిలో చెప్పులు, కపిల బొక్కెనలు, పశువుల పలుపులు కుట్టుట వృత్తి. దానితోపాటు తప్పెట కొట్టుట వారికి విధింపబడిన చాకిరి. కట్టె వలయమునకు తోలు బిగించి, మంట యెదుట కాచి, కుడిచేత లావుపాటి చిర్రయు ఎడమచేత సన్నని చిటికెన పుల్లయు పట్టి వాయించు ఈ వాద్యము లేనిదే పోలేరమ్మ కొలుపు లేదు, శవయాత్ర లేదు, చాటింపు లేదు. ఆ వాద్యమునకు తగిన అడుగుకూడ వారిదే. వాయించువాడు వాయించుచునే వంగుచు, లేచుచు, చుట్టు తిరుగుచు ఆడును. ఆ జనులలోనుండియే మాతంగిగా ఎన్నుకొనబడిన స్త్రీ కొలుపునాడు తప్పెట దరువునకు పూనకమునొంది ఆడుచు పెద్దకులములవారి ఇండ్లముందు నిలిచి తిట్లు తిట్టగా వారు వాటిని ఆశీర్వాదముగా గ్రహించెడివారు. ఆ ఒక్క దినము గడచిన పిమ్మట ఆమె మరల ఊరి వెలుపలి మనిషియే. కళయు, అవమానమును ఇంతగా పెనవేసికొనిపోయిన స్థితి మరియొకటి నాకు తోచదు.

1866లో ఒంగోలు చేరిన బాప్తిస్తు మిషనరీ జాన్ క్లౌ దొర కొత్తగా విశ్వసించిన వారికి మూడు నియమములు విధించెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. మూడవ నియమములోనుండియే తప్పెట ప్రశ్న పుట్టినది. కొలుపునకు తప్పెట కొట్టుట విగ్రహపూజలో పాలుపంచుకొనుటయే యని విశ్వాసులు గ్రహించి, పిలుపు వచ్చినప్పుడు రామని చెప్పిరి. ఊరి పెద్దలకు ఇది ధిక్కారముగా తోచెను. పర్యవసానముగా కుమ్మరి కుండలమ్ముట మానెను, చాకలి బట్టలుతుకుట మానెను, బీడులో పశువులు మేయకుండ తరుమబడెను, కోతలకాలమున కళ్లములో వారికి రావలసిన గింజలు ఆగిపోయెను. క్లౌ జీవితకథలోను, ఆయన భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ మాదిగల జీవితమును గూర్చి 1899లో ప్రకటించిన గ్రంథములోను ఆనాటి జీవనము వర్ణింపబడినది.

ఈ సంగతిని గుండెలో నిలుపుకొని ఆలోచింపవలెను. తప్పెట దించుట ఆ జనులకు ఒక సంగీతాభిరుచిని వదలుకొనుట కాదు. తరతరముల వెట్టిని వదలుకొనుట. పిలిచినప్పుడు రావలెను, కొట్టుమన్నప్పుడు కొట్టవలెను, ఆడుమన్నప్పుడు ఆడవలెను అను శాసనమునకు మొదటిసారిగా కాదని చెప్పిన మాట అది. దాని మూల్యము ఆకలి. కావున మందిరములో చాపమీద చేతులు కట్టుకొని కదలక కూర్చుండుట వారికి పాశ్చాత్యుల అనుకరణ మాత్రమే యని నేటి విమర్శకులు చెప్పినప్పుడు నాకు బాధ కలుగును. ఎవరి వినోదము కొరకును ఆడనక్కరలేని ఒక స్థలము, ఎవరును లేచి వాయించుమని ఆజ్ఞాపింపలేని ఒక గంట వారికి ఆ మందిరములో లభించెను. ఆ నిశ్చలత వారు సంపాదించుకొనిన గౌరవము.

మరియొక సంగతి కూడ మరువరాదు. మాదిగల భక్తియనగా తప్పెటయు పూనకమును మాత్రమే యని తలచుట పొరపాటు. కనిగిరి, పొదిలి ప్రాంతములలో తొలి విశ్వాసియై, ఎందరినో సంఘమునకు నడిపించిన యర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడు కాకమునుపు గురువుల నాశ్రయించి రాజయోగమును సాధన చేసినవాడు. కన్నులు మూసికొని, శ్వాసను నిలిపి, అంతర్ముఖుడై దేవుని వెదకినవాడు ఆయన. ఉత్తరోత్తరా తెలుగు బాప్తిస్తు సంఘమునకు పునాదిరాళ్లలో ఒకడైన ఆ మహనీయునకు మౌనధ్యానము దొరలు నేర్పిన విద్య కాదు. దళితులకు మౌనము పరాయిదనియు ఆటపాటలే సొంతమనియు ఎవరైన తీర్మానించినచో, పాత శాసనమునే కొత్త ప్రేమతో మరల విధించినట్లగును.

నాట్యనిషేధమునకు రెండవ హేతువు పట్టణములనుండి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములో మద్రాసు రాజధానియందు భోగముమేళములకు వ్యతిరేకముగా గొప్ప ఉద్యమము నడచెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు దానికి తెలుగునాట కంఠమిచ్చిరి; మిషనరీలు దానిని బలపరచిరి. అర్ధశతాబ్ది పిమ్మట, 1947లో, దేవదాసీలను సమర్పించు ఆచారమును మద్రాసు ప్రభుత్వము చట్టముచేత నిషేధించెను. నెల్లూరు అప్పటికి ఆ రాజధానిలోని జిల్లాయే. గుడిలో స్త్రీ ఆడుట యనగానే ఆనాటి చదువుకొన్న క్రైస్తవునకు స్ఫురించిన చిత్రము ఇదియే. అమెరికానుండి వచ్చిన బాప్తిస్తులకు స్వదేశమునందే నాట్యము దుర్వ్యసనములలో ఒకటి. ఈ మూడు ధారలు కలిసి, నాట్యమును సంఘపు వాకిటనే నిలిపినవి.

ఐనను పాట లోపలికి వచ్చెను. పాటతోపాటు తాళము వచ్చెను. దీనిని గూర్చి మనవారు తగినంతగా ఆలోచింపలేదు. 1803 మొదలు 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి మొదలుగా ఎందరో భక్తకవులు రచించిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున చేరినవి. ఆ గ్రంథమును తెరచినవారికి కీర్తనల నెత్తిన రాగము పేరును తాళము పేరును కనబడును. ఆదితాళము, చాపుతాళము, ఏకతాళము అను మాటలు సంస్కృత విద్య ఎరుగని పల్లె విశ్వాసికి కంటికి పరిచితములు. తాళము శరీరమునకు చెందినది; చేతితో వేసినదైనను, పాదముతో వేసినదైనను, దానిని మోయునది దేహమే. చాపుతాళపు కీర్తన నెత్తుకొనిన వృద్ధురాలు చాపమీద కూర్చుండియే భుజములు కదల్చుట మనము చూచుచున్నాము. దానిని ఎవరును నాట్యమనరు. ఆమె లేచి నిలిచి, అదే కదలికను పాదములకు ఇచ్చినచో మాత్రము అభ్యంతరము పుట్టుచున్నది. అంతేకాదు, బాప్తిస్తుల అతిముఖ్యమైన సంస్కారమే దేహసంబంధమైనది. కరవు తీరుచున్న కాలమున, 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్కొక్కరుగా నీట దిగి, మునిగి, లేచిరి. తన విశ్వాసమును దేహమంతటితో పలికిన సంఘము అది.

ఇక కోలాటమును గూర్చి కొంత వివరముగా చెప్పవలెను, ఏలయన ఆరాధనకు మిక్కిలి అనువైనది అదియేయని నా అభిప్రాయము. ఆడువారు సరిసంఖ్యలో జతలుగా నిలుతురు. ఒక్కొక్కరి చేత రెండు కోలలు. లోపలి వలయము ఒక దిక్కునకును, వెలుపలి వలయము ఎదురు దిక్కునకును కదలును. ప్రతివారును ఎదుటివాని కోలను తాకి, తప్పుకొని, తరువాతివాని వద్దకు పోవుదురు. గురువు నడుమ నిలిచి పాట ఎత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. మొదట విలంబముగా నడచు పాట క్రమముగా వేగమందుకొని, గురువు సంజ్ఞ చేయగానే ఒక్కసారిగా ఆగును. ఇందులో నాయికా నాయకులు లేరు. ఒకడు ముందు నిలిచి మెరయుటకు తావు లేదు. ఒకడు తప్పినచో వలయమంతయు తడబడును కావున ఎవరి మేర వారు ఎరిగి నడుచుకొనవలెను. ఆట ముగియులోపల ప్రతివాని కోలయు అనేకుల కోలలను తాకియుండును. మాలపల్లె, మాదిగపల్లె, ఊరు అని విడివడిన సీమలో ఈ తాకిడికి గల అర్థమును నేను విప్పి చెప్పనక్కరలేదు. పౌలు భక్తుడు సంఘమును శరీరముతోను, విశ్వాసులను అవయవములతోను పోల్చినదానికి ఇంతకంటె చక్కని రూపము వేదిక మీద ఒంటరిగా ఆడు ఏ నర్తకియందును దొరకదు. చెక్కభజనకును ఈ గుణమే కలదు. గజ్జెలు కూర్చిన చెక్కలు చేతబట్టి వరుసలుగా అడుగులు వేయు ఆ భజన ఈ సీమవారికి సుపరిచితము.

కతోలిక సంఘమున ఈ విషయము వేరొక దారిని నడచినది. 1963లో రెండవ వాటికను మహాసభ ప్రకటించిన ఆరాధనా శాసనము, ఆయా జాతుల సంస్కృతికి తగిన మార్పులకు ద్వారము తెరచెను. 1969 ఏప్రిలులో భారతదేశమునకు పన్నెండు అంశములు అనుగ్రహింపబడెను: చెప్పులు విడిచి నేలమీద కూర్చుండుట, అంజలి ఘటించుట, పంచాంగ ప్రణామము, పుష్పములతోను దీపములతోను హారతి మొదలైనవి. హారతి పట్టు స్త్రీలు వరుసగా నడచి వచ్చి పళ్లెరములను త్రిప్పుట యొక విధమైన నాట్యమే గదా! ఐనను 1975లో వాటికను ఆరాధనా విభాగపు పత్రికయందు వెలువడిన వ్యాసము పాశ్చాత్య దేశములకు నాట్యము తగదని స్పష్టముగా చెప్పెను. అచట నాట్యము విలాసములతో ముడిపడియున్నదని దాని వాదము. 1988లో ఆఫ్రికా ఖండమున జైరు దేశపు పూజావిధికి అనుమతి దొరకెను; అందు బలిపీఠము చుట్టును లయబద్ధమైన కదలిక కలదు. 1994లో వాటికనునుండి వెలువడిన ఆదేశము, పాటతో చప్పట్లును ఊగుటయు అడుగును సహజముగా కలిసివచ్చు జాతులలో అవి ఆరాధనయందు ఉండవచ్చుననియు, అవి సమాజమంతటి నిజమైన ప్రార్థన కావలెను గాని ప్రదర్శన కారాదనియు చెప్పుచున్నది. ఈ ఒక్క షరతు బాప్తిస్తులకును, పెంతెకొస్తులకును సమానముగా వర్తించునది. శాస్త్రీయ నృత్యమున క్రైస్తవ కథలను అభినయించుటకు కొత్త ముద్రలను కల్పించిన ఫ్రాన్సిస్ బార్బోజా వంటి గురువుల కృషి ఆదరణీయమే. కాని ఏండ్ల తరబడి సాధన చేసిన ఒకరు ఆడగా తక్కినవారు చూచు కళ అది. పల్లె సంఘమునకు అది పండుగనాటి కానుక కాగలదు, వారవారపు ఆరాధన కాజాలదు.

నాట్యము క్రైస్తవమునకు కొత్తయని భయపడువారు ఇథియోపియా వైపు చూడవచ్చును. అచటి ప్రాచీన సంఘములో గాయకులు చేతికోలలు పట్టి, డోళ్ల మ్రోతకు వరుసలుగా ఊగుచు అడుగులు వేయుచు శతాబ్దములుగా స్తుతించుచున్నారు; మన కోలాటమును ఎరిగినవారికి ఆ దృశ్యము పరాయిగా తోచదు. లక్సెంబర్గు దేశపు ఎక్టెర్నాక్ పట్టణమున పెంతెకొస్తు పండుగ తరువాతి మంగళవారమున జనులు చేతిరుమాళ్ల కొసలు పట్టుకొని వరుసలుగా గంతులు వేయుచు అచటి భక్తుని సమాధి మందిరమునకు పోవుదురు. స్పెయిను దేశమున సెవిల్లె ప్రధానాలయములో బాలురు బలిపీఠము నెదుట నేటికిని నాట్యమాడుచున్నారు. అదే దేశమున 589లో టొలేడో సభ భక్తుల పండుగలలో నాట్యములను నిషేధించెను. కావున ఈ వివాదము మనతో పుట్టలేదు.

తప్పెట అర్థము సైతము మన కన్నులయెదుటనే మారిపోయినది. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా, ఏ వాద్యము వెట్టికి గురుతుగా నుండెనో ఆ వాద్యమునే హక్కుల చాటింపుగా వీథులలోనికి తెచ్చెను. ఆ ఉద్యమపు యువకులు సిగ్గుతో కాక తలయెత్తి తప్పెట కొట్టిరి. పొరుగున తమిళనాట థియోఫిలస్ అప్పావు మదురై దైవవిద్యాలయమున గ్రామీణుల బాణీలతో ఆరాధనలను కూర్చెను. సత్యనాథన్ క్లార్క్ 1998లో ప్రకటించిన గ్రంథమున తమిళుల తప్పెటయైన పఱై వాద్యమును దళితుల దైవానుభవమునకు కేంద్రముగా విచారించెను. కొట్టుమని ఎవరును ఆజ్ఞాపింపనప్పుడు, తన దేవుని కొరకు తానుగా కొట్టిన తప్పెట పాత తప్పెట కాదు. ఈ మాట ముప్పది యేండ్ల యువకునకు సులభముగా బోధపడును. కాని కొలుపులో తండ్రి తప్పతాగినవారి నడుమ తప్పెట కొట్టుట చూచిన డెబ్బది యేండ్ల సంఘపెద్దకు ఆ మ్రోత వినగానే గుండె కలుక్కుమనును. ఆ పెద్ద వద్దన్నచో దానిని మూఢత్వమనుట అన్యాయము. ఆయన అనుమతి లేకుండ మందిరములోనికి తెచ్చిన తప్పెట, ఆయన దృష్టిలో మరల ఆజ్ఞతో వచ్చిన తప్పెటయే.

నేటి యువజనులు ఆరాధనలోనికి తెచ్చుచున్నది చాలచోట్ల కోలాటమును కాదు, తప్పెటయు కాదు, సినిమా అడుగులు. వేసవి సెలవులలో జరుగు బైబిలు బడియగు విబిఎస్‌లో పిల్లలు నేర్చుకొను అభినయ గేయములు ముచ్చటైనవి. ఇతర దేశపు బాణీలైనను బాలురకు వాక్యమును దేహముతో జ్ఞప్తియందుంచు ఉపాయము అది. కాని యౌవన కూటములలో పెద్ద పెద్ద స్పీకర్లును, రంగురంగుల దీపములును, ఒకే తీరు దుస్తులును వచ్చి, ఎనమండుగురు వేదికనెక్కి ఆడగా మూడువందలమంది సెల్‌ఫోనులెత్తి పట్టుకొని చూచుట ఆరాధన కాదు. అట్టి నాట్యమునకు ఖర్చెక్కువ. చిన్న పల్లె సంఘము దానిని చూచి తన పేదరికమునకు సిగ్గుపడును. కోలకు ఖర్చు లేదు. ఉదయగిరి చెక్క చెంచాల పనికి పేరుపొందిన ఊరు. కోలలు చెక్కుకొనుటకు ఆ సీమవారు ఎవరినో యాచింపనక్కరలేదు.

ఆరంభము ముంగిటనే చేయుట మేలు. మట్టల ఆదివారమున ఊరేగింపుగా నడచుట అన్ని సంఘములకును అంగీకృతమే. ఆ నడకకు కీర్తన తాళమున ఒక అడుగు కూర్చినచో, ఊరేగింపు మందిరద్వారము చేరి లోపలికి ప్రవేశించునప్పుడు అడుగును లోపలికి ప్రవేశించును. పంట కానుకల దినమున గింజల గంపలు తెచ్చు స్త్రీలు అట్లే రావచ్చును. ప్రసంగమునకును, మౌనప్రార్థనకును వాటి కాలము వాటికి ఉండనే ఉన్నది. మోకాళ్ల నొప్పులవారిని, శోకములో నున్నవారిని, ఇష్టములేనివారిని బలవంతముగా లేపరాదు. కూర్చుండి చప్పట్లు కొట్టువాడును వలయములోనివాడే. ఏ కీర్తన, ఏ అడుగు, ఎప్పుడు అను నిర్ణయము మాత్రము సంఘపు స్త్రీలకు విడుచుట న్యాయము. చాలచోట్ల పాట ఎత్తుకొనువారు వారు, కోలాటపు జట్లలో అధికులును వారు. సంఘపెద్దల సభలో మాత్రము వారికి చోటు తక్కువ. మిర్యాము తంబుర నెత్తుకొనుటకు ముందు ఎవరి అనుమతిని కోరెనో నిర్గమకాండము చెప్పలేదు.